సారు యాదిలో పద్నాలుగు నిమిషాలు

బట్టల షోరూంలో చీరలు మడతపెట్టే రోజారాణి ఆదివారం సభకు వస్తుందట. అదే షోరూంలో బిల్లుల దగ్గర కూర్చునే ఐలవ్వ చిన్నకోడలు విన్నదట. కోడలు ఇంటికి వచ్చి అత్తకు చెప్పింది. ఆ ముచ్చట తెల్లవారేదాకా అత్త కడుపులో ఆగడమే గొప్ప. పొద్దున నల్లా వచ్చే వేళకు ఐలవ్వ తన బిందెను ప్రహరీ మీద పెట్టి, పక్కింటి వాకిట్లో కూర్చున్న నవనీతకు వినిపించేటట్టు మొదలుపెట్టింది.

“గా సిస్టరు లేదా, మీ రాజమల్లయ్య సారు పోయిన నాడు దవాఖానల డ్యూటీల ఉండె, ఎనుక కొలువు ఊడిపాయె, గామెనే. ముందు వరుసల కూసుంటనన్నదట. మా కోడలు ‘నీకు గాడేం పని, మాటలు పడనీకి పోతవా’ అంటె, ‘నేనేం తప్పు జెయ్యలే, పోత’ అన్నదట. బెల్లు మోగలే, మోగితే ఉరికొస్తుంటి అని ఇప్పటికీ బిడ్డ నెత్తిమీద చెయ్యి వెట్టి ఒట్టేస్తదట. ఏం గుండె ధైర్యమో. పక్కన ఉన్న మనిషి బెల్లు కొట్టీ కొట్టీ ఏలు నొప్పిపుట్టిందాయె, ఇంకా మోగలే అంటుందంటే.”

పక్కన ఉన్న ఆ మనిషి నవనీతే.

ఆమె ఒళ్లో రెండు మూరల వెదురు వేణువు ఉంది. సన్న పుల్లకు గుడ్డ చుట్టి, కొబ్బరినూనెలో ముంచి, వేణువు లోపల తిప్పుతోంది. శివరాత్రి దాటింది. ఎండ ముదిరితే నూనె తాగని వెదురు నిలువునా పగులుతుంది. గుడ్డ సగం దాకా పోయి ఆగింది. లాగితే రాలేదు, తోస్తే పోలేదు.

“అవునా,” అన్నది.

“నువ్వేం పరేషాన్ గాకు బిడ్డా. నిన్నేమంటది? నువ్వు సాక్షివైతివి. సాక్షిని ఎవలేమంటరు?” ఐలవ్వ బిందె దించుకుని నల్లా దగ్గరికి పోయింది. అక్కడ ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. ముచ్చట మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

నవనీత లోపలికి వచ్చి నడిమి గది కిటికీ మూసింది. భర్త రమేశ్ హుస్నాబాద్ బస్సు మీద కండక్టరు, చీకటితోనే డ్యూటీకి పోయాడు. తనేమో ఆడపిల్లల గురుకులంలో సంగీతం చెప్తుంది, సారు వర్ధంతి సభ కోసమని మూడు రోజులు సెలవు పెట్టింది. గీతల నోటుబుక్కు తెరిచి పీట మీద నిలబెట్టింది. స్వరాలు నల్ల సిరాతో ఉన్నాయి. ఊపిరి తీసే చోట్లు ఎర్ర గీతలతో ఉన్నాయి. మామూలుగా వేణువు వాయించేవాళ్లు ఊపిరి తీసే చోటును దాస్తారు. విన్నవాళ్లకు పాట ఎక్కడా తెగినట్టు తెలియకూడదు. సభ కోసం తను కట్టిన ఈ రచనలో తెగుడే పాట. తంబూరా లేదు, తబలా లేదు, ఒక్క వేణువే. మొదట కింది షడ్జం మీద నాలుకను ఆడిస్తూ ఊదాలి, అప్పుడు వెదురులో నీళ్లు మరిగినట్టు గురగురమంటుంది. ఆ గురగురలోంచి ఒక స్వరం లాక్కుంటూ పైకి వస్తుంది. ఆగుతుంది. తాళం లెక్కలో ఏడు అక్షరాల ఖాళీ. మళ్లీ లాక్కుంటూ వస్తుంది. తొమ్మిది ఖాళీ. పోనుపోను స్వరం సన్నబడుతుంది, ఖాళీ పెరుగుతుంది. చివరిది పదిహేడు. దాని తర్వాత ఒక్క సన్న గాలి, స్వరం అనడానికి కూడా లేనిది.

హైదరాబాదులో సంగీతం తెలిసిన ఇద్దరికి రికార్డు చేసి పంపింది. గురువు పోయిన దుఃఖాన్ని ఇట్లా ఎవరూ రాయలేదన్నారు వాళ్లు. ఆ లెక్కలు ఎట్లా తట్టాయమ్మా అని ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆ లెక్కలు తట్టినవి కావు. సాయంత్రం నాలుగూ పదికి మొదలై నాలుగూ ఇరవై నాలుగుకు ఆగిపోయిన లెక్కలవి. దవాఖాన మూడో అంతస్తు, గోడకు గడియారం. సారు భార్య అమృతమ్మ చాయ్ తాగి వస్తానని కిందికి దిగింది. సారు గొంతులో గురగుర మొదలైంది. కొత్త బాణీ కట్టేటప్పుడు సారు పెదవులు కదపకుండా గొంతులోనే అట్లా తిప్పేవాడు. ఏదో కడుతున్నాడనుకుంది నవనీత. ముందుకు వంగి, శ్రుతి ఏదై ఉంటుందా అని వెతికింది. కుడిచెయ్యి తనంతట తాను తొడ మీద తాళం వేయసాగింది. అది బాణీ కాదని తెలిసేసరికి కొంతసేపు గడిచింది. తెలిసిన తర్వాత కూడా చెయ్యి ఆగలేదు. ఇప్పుడు తొమ్మిది వచ్చింది, పైది పదకొండు వస్తుందా అని వింటూ కూర్చుంది. మంచం కమ్మీకి వేలాడే తెల్లని బెల్లు బొత్తం ఆమె మోకాలికి జానెడు దూరంలోనే ఉంది.

తర్వాత కేకలు, ఉరుకులు. సారు కొడుకు సతీశ్ మెట్లెక్కి వచ్చి ఆమె రెండు భుజాలు పట్టుకుని, “బెల్లు కొట్టలేదా అక్కా, కొట్టినా రాలేదా?” అని అడిగాడు. నవనీత తల ఊపింది. రెండు ప్రశ్నల్లో దేనికి ఊపిందో ఆమెకే తెలియదు. సతీశ్‌కు మాత్రం తెలిసిపోయింది. వారం తిరగకుండా రోజారాణి కొలువు పోయింది.

ఇప్పుడు ఆమె ముందు వరుసలో కూర్చుంటుందట. వింటుందట. ఊపిరిని లెక్కపెట్టే పని లోకంలో ఇద్దరికే ఉంటుంది. ఒకరు వేణువు ఊదేవాళ్లు. రెండోవాళ్లు నర్సులు.

నవనీత వేణువు పెదవికి ఆనించింది. గాలి లోపలికి పోలేదు. లోపల గుడ్డ అట్లాగే ఇరుక్కుని ఉంది.

* * *

శుక్రవారం పదింటికి సారు ఇంటికి పోయేసరికి సతీశ్ వాకిట్లో ఫ్లెక్సీ పరిచి చూసుకుంటున్నాడు. అతనికి సిమెంటు దుకాణం ఉంది. సభ పనులు కూడా లారీ దించినట్టే చేయిస్తున్నాడు. ఫ్లెక్సీ మీద సారు హార్మోనియం ముందు కూర్చున్న ఫొటో, పక్కన ‘ప్రథమ వర్ధంతి’, కింద ఎర్రక్షరాల్లో ‘గురువు యాదిలో నవనీత రచించిన ఏకవేణు సంగీతం, పద్నాలుగు నిమిషాలు’.

“అక్కా, నీ పేరు మంచిగ పెద్దగ వచ్చిందా?”

“గంత పెద్దగ ఎందుకు తమ్మీ?”

“ఎందుకంటవేంది. ఆఖరు టైంల బాపు పక్కపొంటి ఉన్నది నువ్వే. మేమెవ్వలం లేకపోతిమి. గా మాట మైకుల సుత చెప్త.”

“మైకుల వద్దు.”

“నీకు మొగమాటం ఎక్కువక్కా. బాపు సుత గిట్లనే ఉంటుండె, అందుకే ఆయిన కట్టిన బాణీల మీద వేరేటోళ్లు పేరు చెప్పుకున్నరు.” ఫ్లెక్సీ అంచు మీద గాలికి లేవకుండా ఇటుక పెట్టాడు. “ఇంకో ముచ్చట. గా సిస్టరు వస్తదట. రానీ. సిగ్గుంటే రాదు, వచ్చిందంటె లేదనుకోవాలె.”

“నేనే పిలిచిన,” అని లోపలినుంచి అమృతమ్మ గొంతు వచ్చింది. చాటలో బియ్యంతో గడప దగ్గరికి వచ్చి కూర్చుంది. “తొమ్మిది దినాలు నా మొగని ఒళ్లు తుడిసింది గా పిల్ల. పక్కగుడ్డలు మార్సింది. ఒక్కనాడు మూతి ముడువలే. ఒక్క తాప రాకపోతె రాలేదు, మనిషి గాదా? ఏ పక్కకు ఉరికిందో.”

“అమ్మా, నీకు తెల్వది. జర చూసుకుంటె బతుకుతుండె బాపు.”

“నేనదే అంటున్న. ముందటి దినం రెండు గరిటెల జావ తాగిండు. ఉప్పు తక్కువైందన్నడు.” అమృతమ్మ చాటలోంచి ఒక రాయి ఏరి పక్కకు వేసింది. “ఉప్పు అడిగినోడు తెల్లారి ఎట్ల పోతడే నవనీతా? నువ్వు ఉంటివి గద, చెప్పు. ఏమన్న సైగ జేసిండా? నా కోసం చూసిండా?”

ఏడాదిలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో. ప్రతిసారీ నవనీత ఒక్కటే జవాబు చెప్పింది. ఈసారి కూడా అదే చెప్పింది. “నిమ్మళంగ పోయిండమ్మా.”

“ఏది, ఆదివారం ఊదేదేందో జర నాకు ఇనిపియ్యి.”

“వేణువు తేలేదమ్మా.”

సంచీలోంచి వేణువు మూతి కనపడుతూనే ఉంది. అమృతమ్మ దాన్ని చూసింది. చాట పక్కకు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, “అట్లయితె పా, శాలువలు తెద్దాం. మాట్లాడెటోళ్లకు ఆరు, నీకొకటి. మావోడు తెస్తె బస్తాల రంగుయి తెస్తడు,” అని లేచింది.

ఆటో దిగేదాకా ఏ దుకాణమో నవనీత అడగలేదు. దిగిన తర్వాత అడగాల్సిన పని లేకపోయింది. లోపల చల్లగా ఉంది. తెల్ల పరుపు మీద చీరల గుట్టల మధ్య రోజారాణి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఎవరో చూసి వద్దన్న చీర అంచులు కలిపి, అరచేత్తో ఒక్కసారి నిమిరి, మూడు మడతలు వేసి పక్కన పెడుతోంది. ముడత లేదు, తొందర లేదు. దవాఖానలో పక్కగుడ్డ మార్చిన చేతులే.

“బాగున్నవా బిడ్డా?” అన్నది అమృతమ్మ.

“బాగున్న అమ్మా. కూసోన్రి.” తర్వాత నవనీత వైపు చూసి, “మీరు బాగున్నరా మేడం?” అన్నది. ఆ గొంతులో కోపమేదైనా ఉందేమోనని నవనీత వెతికింది. దొరకలేదు. దొరకకపోవడం ఇంకా భయపెట్టింది.

శాలువలు తెప్పించారు. అమృతమ్మ ఒక్కొక్కటే తీసుకుని, రంగు చూడాలని వీధివైపు అద్దం దగ్గరికి పోయింది. పరుపు దగ్గర ఇద్దరే మిగిలారు.

“ఏందో ఊదుతరట గద మేడం సారు పేరు మీద. ఎంతసేపుంటది?”

“పద్నాలుగు నిమిషాలు.”

“పద్నాలుగు.” రోజారాణి ఒక శాలువ విప్పి మళ్లీ మడతపెట్టింది. “నాలుగింటికి నేను సూది ఏసి, బీపీ చూసి, చార్టుల రాసి పోయిన. మంచిగనే ఉండె. నాలుగున్నరకు అమ్మ కేక ఇనబడ్డది. గా నడుమల ఏమైందనేదే నాకు ఏడాది సంది సమజైతలేదు. మీరు బెల్లు కొట్టిన్రంటరు. మీరు అబద్ధం చెప్పేటోళ్లు గాదు. నా చెవులు మంచియే. మరి తీగ తెగిందా, కరెంటు పోయిందా? రాత్రి పండుకుంటె గదే తిరుగుతది. కొలువు కోసం ఏ దవాఖానకు పోయినా పాత దవాఖానోళ్లకు ఫోన్ చేస్తరు, వద్దంటరు.”

చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి, రెండే మాటలు. నవనీత నోరు తెరిచింది. అంతలో అమృతమ్మ అద్దం దగ్గరినుంచి పిలిచింది, “నవనీతా, గిది నీకు మంచిగుంటదే, చూడు.”

“వస్తున్నమ్మా,” అన్నది నవనీత. అద్దం దాకా అయిదడుగులే. పరుగెత్తినట్టు పోయింది.

* * *

శనివారం ఆమె నోటుబుక్కులో రెండు పేజీలు అంటించింది. ఎర్ర గీతలున్న పేజీల మీద తెల్లకాగితం పెట్టి, అంచులకు జిగురు రాసి, అరచేత్తో ఒత్తింది. తెల్లకాగితం మీద సారు బాణీ ఒకటి రాసింది. బతుకమ్మ పండుగప్పుడు బడిపిల్లల కోసం ఆయన కట్టింది, మోహన రాగంలో. ఊళ్లో ఎవరిని కదిలించినా దాన్ని కూనిరాగం తీస్తారు. గురగుర లేదు. ఖాళీలు లేవు. ఊపిరి తీసే చోట్లు చక్కగా స్వరాల వెనక దాక్కున్నాయి. లాగి లాగి వాయిస్తే పద్నాలుగు నిమిషాలు వస్తుంది.

రమేశ్ డ్యూటీ దిగి మధ్యాహ్నం అన్నం తింటున్నాడు. ఆమె వాయిస్తుంటే పళ్లెం పట్టుకుని నడిమి గది గడపలోకి వచ్చి కూర్చున్నాడు.

“గిది మంచిగున్నది,” అన్నాడు. “నెలరోజుల సంది ఒకటి ఊదుతుంటివి సూడు, గది ఇంటుంటె నాకు ఏదో అయ్యేది. బస్సుల ఎవనికన్న దమ్ము ఆడకపోతె ఎట్లుంటదో గట్ల. బుక్క దిగకపోతుండె. నీకు చెప్తె ఏమనుకుంటవో అని ఊకున్న.”

“నిజంగ గట్లనే ఉండెనా?”

“నాకు సంగీతం తెల్వది. దమ్ము తెలుస్తది గద.” చారు పోసుకున్నాడు. “గిదే ఊదు రేపు. జనం తలకాయలూపుతరు. ఖుషీగ పోతరు.”

సంగీతం తెలియని రమేశ్‌కే తెలిసిందంటే. నవనీత అంటించిన కాగితం అంచులు ఇంకోసారి ఒత్తింది. గుండె కాస్త కుదుటపడింది. రేపు సాయంత్రం దాటితే చాలు. రోజారాణి వస్తుంది, మోహన రాగం వింటుంది, ఇంటికి పోతుంది. చెప్పాల్సింది ఎప్పుడైనా చెప్పవచ్చు. వచ్చే నెలలో, ఒక ఉత్తరం రాసి. లేకపోతే ఆమెకు ఎక్కడైనా గురుకులం దవాఖాన గదిలో కొలువు చూసి, ఆ తర్వాత. ఇట్లా ఒక్కో దారి వెతికి పెట్టుకుంటూ నాలుగుసార్లు వాయించింది. నాలుగోసారికి ఒక్క తప్పు రాలేదు. ఎవరో వేరే ఊరి మనిషి పోయినట్టుంది వింటుంటే.

అయినా ఆ రాగమే ఖాయం చేసుకుంది.

* * *

సభ ఐదింటికన్నారు, ఆరుంబావుకు మొదలైంది. ఫంక్షన్ హాల్లో రెండు వందల కుర్చీలకు నూటయాభై దాకా నిండాయి. రోజారాణి ముందు వరుసలో కూర్చోలేదు. మూడో వరుస చివర, నడక దారి పక్కన కూర్చుంది. లేత నీలం చీర, ఒళ్లో పర్సు, దాని మీద రెండు చేతులు. ఐలవ్వ, ఆమె కోడలు రోజారాణికి ఇటువైపు ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు.

ఆరుగురు మాట్లాడారు. సారు ఎంత మంచివాడో చెప్పారు. ఒకాయన సారు పేరు రెండుసార్లు తప్పు పలికాడు. తర్వాత సతీశ్ మైకు అందుకున్నాడు. దుకాణంలో కూలీలతో మాట్లాడే గొంతు, మైకు అవసరం లేనిది.

“మా బాపు పోయిన దినం పక్కన ఎవ్వలం లేము. నవనీతక్క ఒక్కతే ఉన్నది. బెల్లు కొట్టింది, కొట్టింది, ఏలు వాసిపోయేదాక కొట్టింది. వినెటోళ్లు వినలే. పేరు ఎందుకు గని, వాళ్లు సుత గిప్పుడు మన నడుమలనే ఉన్నరు. ఉండనీ. బాపు పాట అందరిదీ.”

తలలు తిరిగాయి. ఒకటి, రెండు, తర్వాత వరుసలకు వరుసలు. ఐలవ్వ మూడో వరుస చివరికి చూపు పెట్టి కోడలి మోచేతిని పొడిచింది. రోజారాణి తల దించలేదు. ఆమె ఎదురుగా, వేదిక వైపే చూస్తోంది. నవనీత వైపు. నీవైనా చెప్పవా అన్నట్టు లేదు ఆ చూపు. తీగ తెగిందా, కరెంటు పోయిందా అన్నట్టే ఉంది ఇంకా.

నవనీత లేచింది. మైకు పక్కకు జరిపింది. పంకాలు ఆపమన్నది. ఆపారు. గ్లాసు నీళ్లు తాగింది. నోటుబుక్కు తెరిచింది, తెల్లకాగితం, మోహన రాగం. వేళ్లు రంధ్రాల మీద పెట్టింది. చెమటకు వెదురు జారుతోంది. ఊదింది.

స్వరం రాలేదు. వణికే పెదవి మీద గాలి చీలి, వెదురులో గురగురమన్నది.

అక్కడే ఆపి, తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టవచ్చు. సభల్లో అది మామూలే. ఎవరూ ఏమీ అనుకోరు. నవనీత కళ్లు మూసుకుంది. ఆ గురగురను ఆపలేదు. నాలుక ఆడించి దాన్ని పట్టుకుంది. దానిలోంచి స్వరాన్ని లాగింది. ఆగింది. లోపల ఏడు లెక్కపెట్టింది. మళ్లీ లాగింది. తొమ్మిది.

హాల్లో ఎవరో దగ్గబోయి మింగేశారు. పదకొండు. చంటిపిల్ల ఏడుపు అందుకోబోతే తల్లి ఎత్తుకుని బయటికి పోయింది. పదమూడు. ఇప్పుడు నోటుబుక్కు అవసరం లేదు. ఆ గది మొత్తం వచ్చి ముందు నిలబడింది. గోడ గడియారం, పక్కగుడ్డ అంచు, జానెడు దూరంలో తెల్ల బొత్తం. ఊదినంతసేపూ ఆమె ఆ బొత్తాన్ని చూస్తూనే ఉంది. కుర్చీల్లో జనం తమకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి, స్వరం వచ్చినప్పుడు వదులుతున్నారు. పదిహేడు దగ్గర ఎవరికీ దమ్ము చాలలేదు. ఆఖరి సన్న గాలి పోయింది. ఆమె వేణువు దించింది.

తర్వాత వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. లేచి నిలబడ్డారు. ఐలవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. మూడో వరుస చివర ఒక్క మనిషి కూర్చునే ఉంది. ఒళ్లో చేతుల్లో పర్సు లేదు. అది కింద పడి ఉంది. ఆమె ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు ఉన్నాయి, నాడి చూసేటప్పుడు పెట్టుకునేటట్టు.

* * *

వేదిక వెనక గదిలో సామాన్లున్నాయి. మడిచిన టెంటు గుడ్డలు, గంగాళాలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అమృతమ్మ ఒక దాంట్లో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొఖం ఉబ్బింది. తన చేత్తో రోజారాణి చెయ్యి పట్టుకుని వెంట తెచ్చుకుంది. మా వాడు మైకులో అన్నదానికి ఏమనుకోకు అని చెప్పడానికి. నవనీత వేణువును మూలన టెంటు గుడ్డల మీద పెడుతుండగా సతీశ్ శాలువతో లోపలికి వచ్చాడు.

“అక్కా, జనం వేదిక మీదనే కప్పాల్నంటున్నరు. రా.”

“తలుపు దగ్గరెయ్యి సతీశ్.”

వేశాడు. బయట కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్న చప్పుడు కొంత తగ్గింది.

“నాడు నేను బెల్లు కొట్టలే,” అన్నది నవనీత.

సతీశ్ చేతుల్లో శాలువ విప్పి ఉంది. దాన్ని కప్పాలో మడవాలో తెలియనట్టు పట్టుకున్నాడు. “గదేంది. కొట్టిన్నంటివి గద.”

“అనలే. నువ్వడిగితె తలూపిన. గంతే.” గొంతు తనది కానట్టుంది. “సారు దమ్ము ఇంటుకుంట కూసున్న. తాళమేసుకుంట కూసున్న. పద్నాలుగు నిమిషాలు. గిప్పుడు ఊదింది గదే, మొదటి సంది ఆఖరు దాక. గీ రోజారాణి తప్పు ఏం లేదు. ఆమె చెప్పిందే నిజం.”

సతీశ్ తల్లి వైపు చూశాడు. రోజారాణి వైపు చూశాడు. నవనీత వైపు చూడలేకపోయాడు. తలుపు సరిగ్గా పడిందో లేదో తోసి చూశాడు. చివరికి లెక్క తేలని బేరంలో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

“సరే. అయిందేదో అయింది. గిది మన నలుగుట్లనే ఉండనీ. ఎందుకంటె అక్కా, డాక్టరు సుత మనకు గ్యారంటీ ఇయ్యలే. డెబ్బై ఏండ్లు, గుండె బలం లేకపాయె. ఎట్లయినా పోయేటోడే బాపు.”

నిన్నమొన్నటిదాకా బతికేటోడన్నది ఇతనే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

అమృతమ్మ చెయ్యి చాచి నవనీత వేళ్లు అందుకుంది. వేణువు రంధ్రాల గుర్తులు ఆ వేళ్ల కొసల మీద ఇంకా గుండ్రంగా ఉన్నాయి. బొటనవేలితో ఒక్కొక్కటే రుద్దింది.

“నువ్వన్న పక్కనుంటివి. నేనైతే చాయ్ తాగనీకి పోతి,” అన్నది. “ఆయిన గొంతు ఏడాదికి మల్ల ఇన్న గియ్యాల. ఏడ్వకే. పిలిచినా పిలువకున్నా ఆయిన ఘడియ వచ్చింది. నువ్వేం జేస్తవ్.”

నవనీత ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అమృతమ్మ ఆమె తల తన ఒడిలోకి లాక్కుని, రోజారాణి వైపు తిరిగింది.

“నిన్ను అనరాని మాటలన్నం బిడ్డా. మావోడు రేపే వచ్చి దవాఖానోళ్లకు చెప్తడు. చెప్పకపోతె నేనొస్త. గని నువ్వు గీమెకు ఒక్క మాట చెప్పు. చదువుకున్నదానివి, గసొంటియి ఎన్ని చూసినవో. నువ్వు వచ్చినా ఆయిన ఆగకపోతుండె గద? గా మాట నువ్వు చెప్తె గీమె పానం నిమ్మళమైతది.”

సతీశ్ కూడా చూశాడు. నవనీత ఒడిలోంచి తల ఎత్తింది. ఏడాదిలో మొదటిసారి ముగ్గురూ రోజారాణి నోటి మాట కోసం ఎదురుచూశారు. ఆమె తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఎవరి మొఖమూ చూడలేదు. మూలన టెంటు గుడ్డల మీద పెట్టిన వేణువునే చూస్తోంది.

“ఆగుతుండె,” అన్నది. “మొదట్ల గురగుర ఊదింది గద, గది పొయ్యేటోళ్ల దమ్ము గాదమ్మా. గొంతుల కఫం అడ్డం వడ్డది. గొట్టమేసి గుంజితె రెండు నిమిషాల పని. నేను పక్క రూంలనే ఉంటి.”